పక్క పొలం గ్రీన్ నుంచి ఎల్లో అవుతోందంటే: ఫైలు ఎక్కడెక్కడ ఆగుతుంది, మనం ఎక్కడ మాట్లాడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చంద్రపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు పక్కన ఒక చిన్న నగర్ పరిషద్ (మున్సిపాలిటీ) ఊరు. మీ కాలనీ వెనక 4 ఎకరాల పొలం, ఊరి అభివృద్ధి ప్రణాళికలో (డీపీ) గ్రీన్ జోన్, అంటే వ్యవసాయానిది. దాన్ని ఎల్లోలోకి, అంటే నివాస జోన్‌లోకి, మార్చి ప్లాట్లు వేస్తారని, మరాఠీ పేపర్లో ఏదో నోటీసు కూడా పడిందని విన్నారు. పొలానికీ మీ ఇళ్ళకీ మధ్య నాలా పారుతుంది. "కౌన్సిల్ మీటింగులో చేతులెత్తితే అయిపోయినట్టేనా? మా మాట ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలి?" అని అడిగారు.

చేతులెత్తితే అయిపోదు. మీరు ఒకటే పని అనుకుంటున్నది నిజానికి రెండు వేర్వేరు ఫైళ్ళు. మొదటిది జోన్ మార్పు. మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచన చట్టం, 1966 (అందరూ ఎంఆర్‌టీపీ అంటారు) 37వ సెక్షన్ కింద నడుస్తుంది. ఇందులో నోటీసు తేదీ నుంచి ఒక నెల లోపు ఎవరైనా అభ్యంతరం ఇవ్వొచ్చు, చివరి నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది. రెండోది లేఔట్ అనుమతి, అదే చట్టం 44, 45 సెక్షన్లు. ఇందులో ప్రజల నుంచి అభ్యంతరాలు పిలవరు, సునావణి (విచారణ) ఉండదు. అది యజమానికీ ఆఫీసుకీ మధ్య నడిచే సాంకేతిక పరిశీలన. కాబట్టి మీ నోరు చట్టప్రకారం చెల్లేది మొదటి ఫైలులోనే. నోటీసు పడిందని విన్నారు గనుక ఈ రోజే చేయాల్సిన పని దాని తేదీ కనుక్కోవడం.

తొంభై శాతం మంది లేఔట్ నక్షా పాస్ అయ్యి, జేసీబీ దిగాక మేల్కొంటారు. అప్పటికి జోన్ ఎల్లో అయిపోయి ఉంటుంది. ఎల్లో జోన్‌లో నిబంధనలకు సరిపోయే లేఔట్ ఇస్తే ముఖ్యాధికారి (నగర్ పరిషద్ చీఫ్ ఆఫీసర్) కాదనడానికి కారణం ఉండదు. అప్పుడు ఆయన్ని తిట్టుకుని లాభం లేదు.

ముందు ఆ పొలం ఎక్కడుందో కాగితం మీద తేల్చుకోండి

పొలం గట్ నంబరు (సర్వే నంబరు లాంటిది) పట్టుకుని నగర్ పరిషద్‌లో రెండు కాగితాలు అడగండి: జోన్ దాఖలా, భాగ్ నకాశా. మొదటిది ఆ గట్ నంబరు ఏ జోన్‌లో ఉందో, బడి, పార్కు లాంటి ప్రజా అవసరానికి రిజర్వేషన్ గానీ డీపీ రోడ్డు గానీ తగులుతుందో చెబుతుంది. రెండోది డీపీలో ఆ ముక్క వరకు కత్తిరించిన నక్షా. రెండూ ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు, యజమానే కానక్కర్లేదు. సాత్‌బారా (మన పహాణీ లాంటి 7/12 పత్రం) ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

సాత్‌బారాలో మూడు చోట్ల చూడండి. విస్తీర్ణం హెక్టార్-ఆర్ లెక్కలో ఉంటుంది. మీ 4 ఎకరాలు అక్కడ సుమారు 1 హెక్టార్ 62 ఆర్‌గా కనిపించాలి. భోగవట్‌దార్ (భూమి హక్కుదారు) వర్గ్ 1 ఉందా 2 ఉందా చూడండి. వర్గ్ 2 అయితే కలెక్టర్ ముందస్తు అనుమతి, నజరానా (ప్రభుత్వానికి కట్టే సొమ్ము) లేకుండా చేతులు మారడానికి వీల్లేదు. ఇతర హక్కుల గడిలో ఏం రాసుందో చదవండి. బావి వాటా, బాట హక్కు, కూళ్ (కౌలుదారు) పేరు అక్కడే దాక్కుంటాయి.

మన పట్టీలో ఇంకో ముఖ్య విషయం. రాజురా, కిన్వట్ తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లావి. పాత దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి, ఎకరం-గుంఠా కొలతలో ఉంటాయి. ఆ తర్వాత మెట్రిక్‌లోకి మార్చినప్పుడు, గట్లు కలిపినప్పుడు హద్దులు కొద్దిగా జరిగిన చోట్లు ఉన్నాయి. పైగా ఈ సరిహద్దులో చాలా భాగం ఐదో షెడ్యూలు ప్రాంతం. ఆదివాసీ పేరున ఉన్న భూమి ఆదివాసేతరుడికి వెళ్ళాలంటే భూ రెవెన్యూ కోడ్ 36-అ కింద కలెక్టర్ మంజూరు కావాలి, దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. ఫేర్‌ఫార్ నోందులు (యజమాని మార్పుల నమోదులు) వెనక్కి చదివితే ఎక్కడో ఒక చోట ఆదివాసీ కుటుంబం పేరు తగిలి, అవసరమైన మంజూరు లేకుండానే భూమి చేతులు మారిందంటే, జోన్ సంగతి తర్వాత, ముందు ఆ బదిలీయే ప్రశ్నార్థకమవుతుంది. ఇది ఆ కుటుంబానికి దక్కాల్సిన న్యాయం కూడా, కేవలం మీ చేతికి దొరికిన ఆయుధంగా చూడకండి.

పొలం నగర్ పరిషద్ హద్దు బయట ఉంటే కథ మారిపోతుంది. అక్కడ ప్రాంతీయ ప్రణాళిక వర్తిస్తుంది, అనుమతి ఇచ్చేది కలెక్టర్, సలహా ఇచ్చేది జిల్లా నగర్ రచన (టౌన్ ప్లానింగ్) ఆఫీసు సహాయ సంచాలకుడు. గావఠాణ్ (ఊరి ఇళ్ళున్న పాత స్థలం) పక్కనున్న వ్యవసాయ జోన్‌లో కొన్ని షరతులతో, ప్రీమియం కట్టి, జోన్ మార్చకుండానే ఇళ్ళ స్థలాలకు అనుమతి ఇచ్చే వీలు కూడా ఉంది. అందుకే "హద్దు లోపలా, బయటా" అన్నది మొదటి ప్రశ్న. ఊళ్ళో పది మందిని అడిగితే పది జవాబులొస్తాయి. భాగ్ నకాశా ఒకటే జవాబు ఇస్తుంది.

జోన్ మార్పు ఫైలు నడిచే దారి

యజమాని దరఖాస్తు పెట్టుకుంటాడు. సర్వసాధారణ సభ (కౌన్సిల్ మీటింగు) ఠరావ్, అంటే తీర్మానం, చేస్తుంది. ఎన్నికైన సభ్యులు లేని కాలంలో ప్రభుత్వం పెట్టిన ప్రశాసకుడే (అడ్మినిస్ట్రేటర్) ఆ అధికారం వాడతాడు, అప్పుడు చర్చ లేకుండా ఒక్క సంతకంతో ఠరావ్ పడుతుంది. ఆ తర్వాత రాజపత్రంలోనూ, స్థానిక పత్రికల్లోనూ నోటీసు. దాంతోబాటు మార్పు వల్ల ప్రభావితులయ్యే వాళ్ళకు విడిగా నోటీసు పంపాలని కూడా 37వ సెక్షన్ చెబుతోంది. నాలా ఒడ్డున ఇళ్ళున్న మీరు ప్రభావితులే. మీకెవరికీ విడి నోటీసు రాకపోతే, ఆ మాటే మీ అభ్యంతరంలో మొదటి పేరాలో రాయండి. రికార్డులో ఉండిపోవాలి.

నెల గడువు తర్వాత అభ్యంతరం ఇచ్చిన వాళ్ళని సునావణికి పిలుస్తారు. ఆపైన సభ మళ్ళీ తన అభిప్రాయంతో ఠరావ్ చేసి, అభ్యంతరాలన్నీ జతచేసి ప్రభుత్వానికి పంపుతుంది. నోటీసు రాజపత్రంలో పడ్డ సంవత్సరం లోపు పంపాలి. జిల్లా ఆఫీసు, మన చంద్రపూర్ వాళ్ళకి నాగ్‌పూర్ విభాగం, ఆపైన పూణేలో నగర్ రచన సంచాలకుడు. సంచాలకుడి సలహా తీసుకునే ప్రభుత్వం మంజూరు చేస్తుంది, లేదా షరతులు పెడుతుంది, లేదా తిప్పి కొడుతుంది.

ఈ దారిలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి: పై ఆఫీసుల్లో ఆ నాలా చూసినవాడు ఎవడూ ఉండడు. వాళ్ళు చూసేది కాగితమే. మీ అభ్యంతరం కాగితంలో, కొలతలతో, నక్షాతో ఉంటేనే అది పూణే దాకా ప్రయాణం చేస్తుంది. సునావణిలో గట్టిగా మాట్లాడినది మినిట్స్‌లో "అర్జదారులు విరోధించారు" అనే ఒక్క వాక్యం అవుతుంది.

37వ సెక్షన్ కింద చేసే మార్పు డీపీ స్వరూపాన్ని మార్చేది కాకూడదు. ఒక్క 4 ఎకరాల ముక్క మారితే స్వరూపం మారిందని వాదించడం కష్టం. కానీ అదే వైపు వరసగా మూడో, నాలుగో ముక్క మారుస్తుంటే ఆ వాదనకు బలం వస్తుంది. గత ఐదారేళ్ళలో ఏయే గట్ నంబర్లకు ఇలా ఠరావ్‌లు అయ్యాయో అడిగి ఒక పట్టిక వేయండి.

డీపీ మొత్తమే మళ్ళీ తయారవుతున్న సమయమైతే (ఇరవై ఏళ్ళకొకసారైనా సవరించాలి) 26వ సెక్షన్ కింద ముసాయిదా అచ్చయ్యాక 30 రోజుల గడువు ఉంటుంది. అప్పుడు వినేది నియోజన సమితి: స్థాయీ సమితి నుంచి ముగ్గురు, సంచాలకుడు నియమించే నిపుణులు నలుగురికి మించకుండా. అది ఇంకా మంచి వేదిక, ఎందుకంటే ఊరంతటి నక్షా ఒకేసారి బల్ల మీద ఉంటుంది.

అభ్యంతరం అర్జీలో ఏం పనిచేస్తుంది, ఏం పనిచేయదు

"మా ప్రశాంతత పోతుంది", "బయటివాళ్ళు వస్తారు", "మా ప్లాట్ల రేటు పడిపోతుంది" లాంటివి రాయకండి. నగర్ రచనాకారుడు వీటిని లెక్కలోకి తీసుకోడు, తీసుకోకూడదు కూడా. పైగా మీ అసలు పాయింటు వీటి కింద కప్పబడిపోతుంది.

పనిచేసేవి నాలుగైదే. నీళ్ళు ఎటు పోతాయి. ఆ పొలానికి చేరే బాట వెడల్పు ఎంత. తాగునీరు ఎక్కడి నుంచి ఇస్తారు. ఇప్పటికే ఎల్లోలో ఉండి ఖాళీగా పడున్న భూమి ఎంత. గని, రైలు, నది, హైటెన్షన్ లైను లాంటివి ఎంత దూరంలో ఉన్నాయి.

చివరి నుంచి రెండోది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే అన్నిటికంటే గట్టిది. ఎల్లో జోన్ ఎంత ఉండాలన్నది రాబోయే ఇరవై ఏళ్ళ జనాభా అంచనా మీద వేస్తారు. ఊళ్ళో మంజూరైన లేఔట్లలో సగం ప్లాట్లు తుమ్మ మొక్కలు మొలిచి ఖాళీగా ఉంటే, ఇంకో 4 ఎకరాల సాగుభూమిని మార్చాల్సిన అవసరం ఏమిటన్న ప్రశ్నకు ఠరావ్‌లో జవాబు ఉండదు. ఖాళీ లేఔట్ల గట్ నంబర్లు, ఫోటోలు జత చేయండి.

ఇక నాలా. దీన్ని లెక్కతో రాయండి, లెక్క కష్టమేం కాదు. 4 ఎకరాలంటే సుమారు 16,187 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. విదర్భ జులైలో ఇది అరుదేం కాదు. ఆ ముక్క మీద పడే నీరు గంటకు దాదాపు 809 ఘనపు మీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో మూడో వంతు కంటే తక్కువ, 0.3 అనుకుందాం, పారి నాలాలోకి వస్తుంది: సెకనుకు 67 లీటర్లు. అదే రోడ్లు, స్లాబులు, ఫర్షీ వాకిళ్ళు వచ్చాక 0.6 అనుకుంటే సెకనుకు 135 లీటర్లు. రెట్టింపు. ఇప్పుడు లేఔట్ వాళ్ళు సాధారణంగా చూపించే 300 మిల్లీమీటర్ల సిమెంటు గొట్టం తీసుకోండి. 200కి 1 వాలులో అది నిండుగా పారితే సెకనుకు 68 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. 450 మిల్లీమీటర్ల గొట్టమైతే 200 లీటర్ల దాకా మోస్తుంది. ఇది ఆ 4 ఎకరాల సొంత నీరు మాత్రమే. పైన ఉన్న పొలాల నీరంతా అదే నాలాలో వస్తుంది, దాన్ని గొట్టంలో పెట్టే ప్రసక్తే ఉండకూడదు.

గావ్ నకాశా (ఊరి రెవెన్యూ నక్షా) నకలు తీసుకుని లేఔట్ నక్షా పక్కన పెట్టి చూస్తే తేడా కంటికి కనబడుతుంది. గావ్ నకాశాలో నాలా మెలికలు తిరుగుతూ, కొన్ని చోట్ల వెడల్పయి, రెండు గీతల మధ్య పారుతుంది. లేఔట్ నక్షాలో అదే నాలా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, ఒక మూలకు నెట్టేసి ఉంటుంది. పక్కన చిన్న అక్షరాలతో "ప్రస్తావిత గటార్" (ప్రతిపాదిత మురుగు కాలువ) అని రాసుంటుంది. ఒక్కోసారి నాలా ఉన్న చోటే ఓపెన్ స్పేస్ అని ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది, అప్పుడు లేఔట్‌లో ఖాళీగా వదలాల్సిన పది శాతం స్థలం కూడా నీళ్ళలోనే ఉన్నట్టు. నల్లరేగడి నేలలో తవ్వి మళ్ళించిన నాలా రెండు వానాకాలాల్లో ఒడ్డు కోసుకుని పాత దారి వెతుక్కుంటుంది. ఆ పాత దారిలో అప్పటికి ఎవరో ఇల్లు కట్టుకుని ఉంటారు.

నది దగ్గరైతే జలసంపద శాఖ గుర్తించే నీలి గీత, ఎర్ర గీత అడగండి. పాతికేళ్ళకొకసారి వచ్చే వరద మట్టానికి నీలి గీత, వందేళ్ళకొకసారి వచ్చే వరదకు ఎర్ర గీత. వర్ధా, పెన్‌గంగ ఒడ్డు ఊళ్ళకూ, ప్రాణహిత గోదావరిలో కలిసే సిరోంచా వైపుకూ ఇది ప్రాణం లాంటి సంగతి. గీతలు వేయని చోట, ఊళ్ళో వరద మరకలున్న గోడల ఫోటోలు, తలాఠి (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) పంచనామా నకళ్ళు బాగా పనికొస్తాయి.

తాగునీటి లెక్క చిన్నది. 4 ఎకరాల్లో రోడ్లు, ఓపెన్ స్పేస్ పోగా అరవై శాతం ప్లాట్లకు మిగిలిందనుకుంటే, 150 చదరపు మీటర్ల చొప్పున 64 ప్లాట్లు. ఇంటికి ఐదుగురు, 320 మంది. డ్రైనేజీ లేని చిన్న ఊరికి మనిషికి రోజుకు 70 లీటర్ల లెక్కన 22,400 లీటర్లు, డ్రైనేజీ ఉన్న ఊరి 135 లీటర్ల లెక్కన 43,200 లీటర్లు. మీ వార్డులో ఇప్పుడే రోజు విడిచి రోజు నీళ్ళు వస్తుంటే, ఆ నల్లా టైము పట్టిక జతచేసి, ఈ అదనపు నీరు ఏ ట్యాంకు నుంచి ఇస్తారో పాణీ పురవఠా (నీటి సరఫరా) ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పాలని కోరండి.

బొగ్గు పట్టీలో ఉన్నవాళ్ళకి అదనంగా ఒక మాట. డబ్ల్యూసీఎల్ (వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) గనులు, సేకరణ నోటిఫికేషన్ పడిన భూములు మీ వైపు ఎక్కువ. ఆ గట్ నంబరు నోటిఫై అయిందేమో, ఓపెన్‌కాస్ట్ పేలుళ్ళ పరిధిలో ఉందేమో గని ఆఫీసు నుంచి రాతలో తెప్పించమని అడగండి. బల్లార్షా-కాజీపేట లైను పక్కనైతే రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలకు రైల్వే సమ్మతి కావాలి.

అర్జీ ఇచ్చే పద్ధతి

మరాఠీలో రాయించండి. తెలుగులో ఆలోచించి పాయింట్లు రాసుకుని, మరాఠీ బాగా వచ్చిన మీ ఊరి పిల్లల చేత ఎక్కించండి. పైన నోటీసు తేదీ, గట్ నంబరు, 37వ సెక్షన్ అని స్పష్టంగా ఉండాలి. ఒక్కో పాయింటుకు ఒక నంబరు. చివర "నాకు వ్యక్తిగత సునావణి కావాలి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ముఖ్యాధికారి పేరున ఇచ్చి ఆవక్ (ఇన్‌వర్డ్) బల్ల దగ్గర నంబరు, తేదీ, ముద్ర నకలు మీద వేయించుకోండి. అదే రోజు ఒక నకలు జిల్లా నగర్ రచన సహాయ సంచాలకుడికి స్పీడ్ పోస్టులో పంపండి. ముద్ర లేని అర్జీ లేని అర్జీ కిందే లెక్క.

యాభై మంది ఒకే జిరాక్స్ మీద సంతకాలు పెట్టిన అర్జీ యాభై కాదు, ఒకటే పాయింటు. ఐదుగురు ఐదు వేర్వేరు విషయాలు, ఒకరు నాలా, ఒకరు బాట, ఒకరు నీళ్ళు, రాస్తే ఐదింటికీ ఆఫీసు విడివిడిగా అభిప్రాయం రాయాల్సి వస్తుంది. మిగిలినవాళ్ళు సునావణి రోజు వచ్చి కూర్చుంటే చాలు.

ప్రతిపాదన నక్షా, ఠరావ్ నకలు చూపించకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు, కానీ దానికి 30 రోజులు పడుతుంది, మీ గడువూ అంతే. అందుకని ఆర్టీఐ వేసి జవాబు కోసం కూర్చోకండి. చేతిలో ఉన్నంతతో అభ్యంతరం వేసేయండి, నకలు వచ్చాక అదనపు నివేదన ఇస్తానని అందులోనే రాయండి.

జోన్ మారిపోయింది, ఇప్పుడు లేఔట్ ఫైలు

చిన్న నగర్ పరిషద్‌లలో సొంత నగర్ రచనాకారుడు తక్కువ చోట్ల ఉంటాడు. ఫైలు సాంకేతిక అభిప్రాయానికి జిల్లా ఆఫీసుకు వెళ్ళి వస్తుంది, సంతకం ముఖ్యాధికారిది. దరఖాస్తు పూర్తయిన 60 రోజుల్లో ఏ జవాబూ ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే అని 45వ సెక్షన్ చెబుతుంది, అయితే నక్షా అన్ని నిబంధనలకూ పూర్తిగా సరిపోయినప్పుడే. ఆఫీసు ఏదైనా తప్పు పట్టి లేఖ రాస్తే, దానికి జవాబు అందిన రోజు నుంచి 60 మళ్ళీ మొదలవుతుంది. అనుమతి తిరస్కరిస్తే దరఖాస్తుదారు 40 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. పక్కింటివాళ్ళకి ఆ అప్పీలు దారి లేదు, వాళ్ళకి మిగిలేది హైకోర్టు నాగ్‌పూర్ బెంచి.

2020 డిసెంబరులో వచ్చిన ఏకీకృత అభివృద్ధి నియంత్రణ నియమావళి (యూడీసీపీఆర్) ప్రకారం పరిశీలిస్తారు. 4,000 చదరపు మీటర్లు, అంటే సుమారు ఒక ఎకరం, దాటిన లేఔట్‌లో పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి. మీ ముక్కలో అది దాదాపు 1,619 చదరపు మీటర్లు, అంటే 16 గుంఠాలు. లోపలి రోడ్డు 9 మీటర్ల నుంచి మొదలు, రోడ్డు పొడవు పెరిగే కొద్దీ వెడల్పూ పెరగాలి.

ఇక్కడ జరిగే మోసం బాగా తెలిసిందే: 4 ఎకరాలను అన్నదమ్ములు, వదిన, అల్లుడి పేర్ల మీద 38, 39 గుంఠాల ముక్కలుగా పంచేసి, ఒక్కొక్కరు విడివిడిగా ఫైలు పెడతారు. ఏ ముక్కా ఎకరం దాటదు, ఓపెన్ స్పేస్ మాయం. ఫేర్‌ఫార్ నోందుల్లో పంపకం తేదీ చూస్తే గుట్టు బయటపడుతుంది. ఇలాంటిది కనబడితే లేఔట్ దశలో అయినా సరే ముఖ్యాధికారికీ, సహాయ సంచాలకుడికీ రాతలో తెలియజేయండి. వినాలన్న నిర్బంధం లేకపోయినా, తెలియదని చెప్పడానికి వాళ్ళకి వీలుండదు.

చేరే బాట గురించి కూడా ఇదే దశలో కచ్చితంగా చూడాలి. నక్షాలో "12 మీటర్ల డీపీ రోడ్డు" అని గీసి ఉంటుంది. నేల మీద చూస్తే అది పక్క రైతు పత్తిచేను, ఇంకా సేకరించలేదు. ఇప్పుడున్న అసలు దారి ఎడ్లబండి పోయే పాణంద్ బాట. అగ్నిమాపక బండి, నీళ్ళ ట్యాంకరు ఏ దారిలో వస్తాయో మోజణి (అధికారిక భూమి కొలత) నక్షా మీద గుర్తించి చూపించమనండి.

మోజణి అంటే భూమి అభిలేఖ్ (భూ రికార్డుల) ఆఫీసు వాళ్ళు వచ్చి చేసేదే. యజమాని ప్రైవేటు సర్వేయరుతో వేయించిన నక్షాకీ దానికీ హద్దు రాళ్ళ దగ్గర మీటరు, రెండు మీటర్ల తేడా వస్తే, ఆ తేడా నాలా మీదో మీ కాంపౌండు గోడ మీదో పడుతుంది. మోజణికి పక్క భూమివాళ్ళకి నోటీసు ఇస్తారు. ఆ రోజు ఊళ్ళో లేనని ఊరుకోకండి, ఎవరినైనా నిలబెట్టండి.

ప్లాటు కొనాలనుకునే వాళ్ళకు

మీ కాలనీలోనే కొందరు ఆ లేఔట్‌లో ప్లాటు బుక్ చేయాలని చూస్తున్నారని రాశారు. లేఔట్‌కు రెండు మంజూర్లుంటాయి. మొదటిది తాత్కాలికం: నక్షా బాగుంది, వెళ్ళి నేల మీద రోడ్లు, ప్లాట్లు కొలిచి రాళ్ళు పాతుకో అని. రెండోది అంతిమం: కొలత అయ్యాక, పనులు చూశాక ఇచ్చేది. మధ్యలో ఉన్న కాలంలోనే "ఎన్ఏ (వ్యవసాయేతర అనుమతి) అయిపోయింది అన్నా, మంజూరు కాపీ ఇదిగో" అని చూపించి బయానా (అడ్వాన్సు) తీసుకుంటారు. కాపీ మీద ఏ మంజూరో చదవండి.

అంతిమ మంజూరు తర్వాత భూమి అభిలేఖ్‌లో కమీ-జాస్త్ పత్రక్ (ప్లాట్ల వారీ విస్తీర్ణాల పట్టిక) తయారై, దాని ఆధారంగా ఒక్కో ప్లాటుకు విడి సాత్‌బారా తెరుచుకుంటుంది. మీ ప్లాటు నంబరుతో విడి సాత్‌బారా కనబడే దాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఓపెన్ స్పేస్‌కూ, రోడ్లకూ కూడా విడి సాత్‌బారాలు వస్తాయి. వాటి మీద ఇంకా పాత యజమాని పేరే ఉండి, ఇతర హక్కుల గడిలో "ఓపెన్ స్పేస్, అమ్మకానికి వీల్లేదు" లాంటి నోందు లేకపోతే అప్పుడే లేఖ రాసి వేయించండి. ఇది వదిలేసిన లేఔట్లలో పదేళ్ళ తర్వాత ఆటస్థలం ప్లాట్లుగా అమ్ముడుపోయి, కొన్నవాడూ కాలనీవాళ్ళూ ఇద్దరూ కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.

భూమి 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల పథకానికి మహారెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కావాలి. నమోదు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి వీల్లేదు.

మంజూరు లేకుండా గుంఠాల లెక్కన బాండు పేపరు మీద అమ్మేవి వేరే రకం. 2001 గుంఠేవారి (అనుమతి లేకుండా చిన్న ముక్కలుగా వేసిన ప్లాట్లు) చట్టం కింద క్రమబద్ధీకరణ ఉంది కదా అంటారు. 2021 సవరణతో ఆ గడువు 2020 డిసెంబరు 31 దాకా ఉన్న గుంఠేవారికి పెరిగింది. ఇప్పుడు కొత్తగా ముక్కలు చేసి అమ్మేదాన్ని ఆ చట్టం కాపాడదు.

నెల గడువు దాటిపోయి ఉంటే

అయినా రాయండి. నగర్ పరిషద్ అభిప్రాయంతో ఫైలు పైకి వెళ్ళాక మంజూరుకు ముందు ప్రభుత్వం తనకు అవసరమనిపించిన విచారణ చేయొచ్చు, ఆ మాట చట్టంలోనే ఉంది. నాగ్‌పూర్ విభాగ సహ సంచాలకుడికీ, పూణే సంచాలకుడికీ, ముంబై మంత్రాలయంలో (సచివాలయం) నగర వికాస్ విభాగానికీ ఒకే అర్జీ, నాలా లెక్క, గావ్ నకాశా నకలు, వరద ఫోటోలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. మార్పు పూర్తిగా వద్దని మాత్రమే అడిగితే ఆ గొంతు పైదాకా బలహీనంగా వినిపిస్తుంది. దానితోబాటు షరతులు కూడా కోరండి: గావ్ నకాశాలో ఉన్న వెడల్పుతో నాలా యథాతథంగా ఉండాలి, దాని రెండు ఒడ్డుల వెంట వదిలే స్థలాన్ని పది శాతం ఓపెన్ స్పేస్‌లో కలపకూడదు, చేరే రోడ్డు నేల మీద పూర్తయ్యాకే అంతిమ మంజూరు ఇవ్వాలి. ఇలాంటి షరతులతో జోన్ మార్పు మంజూరైతే అవి మంజూరు ఉత్తర్వులోనే ఉంటాయి, లేఔట్ దశలో ముఖ్యాధికారి చేతులు వాటితో కట్టేసి ఉంటాయి.

నోటీసు ఫోటో, భాగ్ నకాశా ఇక్కడ పెడితే అభ్యంతరం పాయింట్లు సరిచేసి ఇస్తాను. గట్ నంబరు, పేర్లు మాత్రం చెరిపేసి పెట్టండి.